మందు లేని వెలుగు

చిట్టి ఇంకా ఆ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఈ వారం రోజులూ మనం తిన్నాం, తిరిగాం, పడుకున్నాం. ఆమె మాత్రం గడియ మీద చెయ్యి వేసి, లోపల చూసినదాన్ని నమ్మలేక, కొయ్యబారిపోయి అలాగే ఉంది. ఇక లోపలికి పంపిద్దాం. కాకపోతే కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పకపోతే పక్కవాళ్లని గిల్లి అడుగుతారు. వాళ్ల కోసం చెబుతున్నాను.

గాజు ఫ్యాక్టరీలో కొలిమి గోడ బద్దలై మనుషులు మాడిపోయారు. వాళ్లలో చిట్టి మొగుడు ఒకడు. గోడ బీట వారిందని పనివాళ్లు ముందే మొత్తుకుంటే, "కొలిమి ఆపేది లేదు, పని కానివ్వండి" అన్నాడు మేనేజరు. ఆ మాట చెవులారా విన్నవాళ్లలో బతికి బట్టకట్టింది ఒక్కరే. చిట్టి వాళ్ల అక్క. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, మైకక్క అంటే చాలు. గేటు బయట నిలబడి మైకు లేకుండా అరిస్తే లోపల కొలిమి దగ్గరివాడు తల తిప్పి చూసే గొంతు అది. ఆ గొంతు పక్కనే గడ్డ లేచింది. రేడియేషన్ పెట్టారు. గడ్డ కరుగుతోంది గానీ దాని దెబ్బకి నోరంతా పుండైంది. పెదవి కదిపితే నెత్తురు. సోమవారం విచారణ. రాసిచ్చిన సాక్ష్యం ఒప్పుకోం, మేం ప్రశ్నలు వెయ్యాలి, సాక్షి నోటితో జవాబు చెప్పాలి అని ఫ్యాక్టరీ వకీలు పట్టుబట్టాడు. విచారణ అధికారి సరేనని తల ఊపాడు. పుండు పడ్డ నోటి సంగతి వాళ్లకి తెలియక కాదు. తెలిసే.

ఇక మిగిలిన ఆశ అంతా ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని ఒక చిన్న గదిలో ఉంది. లేజర్. కొయ్యడానికో కాల్చడానికో కాదు. రేడియేషన్ తెచ్చిపెట్టే నోటిపుండ్లు ముదరకుండా, వచ్చినవి త్వరగా మానేలా చేసే మెత్తని వెలుగు. పెన్ను లాంటి గొట్టం కొసని పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక అంచున ఒక్కోచోట కాసేపు ఆనించి ఉంచుతారు. మంట ఉండదు, చురుకు ఉండదు, తగిలినట్టే ఉండదు. ఇంత ముల్లు గుచ్చుకుంటే కెవ్వుమనే నోటికి ఇంతకన్నా మంచి మందు ఏముంటుంది? ఏమీ తెలియకపోవడమే దాని గొప్ప అనుకున్నారు అందరూ. ఆ గొప్పలోనే మోసానికి చోటుందని ఎవరికి తట్టింది?

చిట్టికి తట్టింది. తలుపు సందులోంచి చూస్తే కుర్చీలో వెనక్కి వాలిన అక్క కళ్లకి నల్లద్దాలున్నాయి. లైటు పెట్టే అమ్మాయి కళ్లకి లేవు.

అద్దాల సంగతి చిట్టికి ఎవరూ బళ్లో నేర్పలేదు. మొగుడు నేర్పాడు. కొలిమి కంతలోంచి లోపలికి చూడాలంటే నీలం అద్దం పెట్టుకోవాలి, లేకపోతే చూపు పోతుంది. "అద్దం లేకుండా కొలిమిలోకి చూసేవాడు ఇద్దరిలో ఒకడే," అనేవాడు అన్నం తింటూ. "పిచ్చోడన్నా అవ్వాలి, కొలిమి చల్లారిందని తెలిసినోడన్నా అవ్వాలి."

లైటమ్మాయి పిచ్చిది కాదు.

చిట్టి తలుపు తోసింది.

"పిన్నీ! లోపలికి రాకూడదు, లైటు పెడుతున్నాను," అంది ఆ అమ్మాయి ఉలిక్కిపడి.

"పెట్టమ్మా, పెట్టు. నీ అద్దాలేవి?"

"ఇక్కడే... టేబుల్ మీద. ఇప్పుడే తీశాను. చెమట పట్టింది."

"నిన్న?"

అమ్మాయి పెన్ను వెనక్కి తీసింది. దాని కొసన ఎర్రటి చుక్క గోడ మీద పడి అటూ ఇటూ ఊగింది.

"నిన్న కూడా చెమటే పట్టిందా? ఈ గదిలో నాకు దుప్పటి కప్పుకుని కూర్చోవాలనిపించేంత చలి."

మైకక్క కుర్చీలో కదిలింది. నోరు మూసుకోకుండా దవడల మధ్య రబ్బరు ముక్క పెట్టి ఉంది. అది పెట్టాక ఆవిడ గొంతులోంచి వచ్చేది మూలుగు ఒక్కటే. ఆ మూలుగుకి అర్థం ఏమిటో చెల్లెలికి తెలుసు: అల్లరి చెయ్యకు, పని కానివ్వు.

చిట్టి వినలేదు. అమ్మాయి చేతిలోంచి పెన్ను లాక్కుంది. దాని తీగ మిషను నుంచి సాగి బిగిసింది. ఆ ఎర్రటి కొసని తన కంటికేసి తిప్పుకుంది. తిప్పుకుని, కన్ను పెద్దది చేసి, ఆ అమ్మాయి ఏం చేస్తుందోనని ఆగింది.

నిజంగా అందులో మందు వెలుగు ఉంటే ఏం చెయ్యాలి ఆ పిల్ల? అరవాలి. చెయ్యి పట్టి లాగాలి. మొదటిరోజు చిట్టి ఊరికే తొంగిచూస్తేనే "కళ్లు పోతాయి పిన్నీ" అని తలుపు మూసిన పిల్ల అది.

ఇప్పుడు అరవలేదు. లాగలేదు. నేల చూపులు చూసింది.

"చాల్లే," అంది చిట్టి. పెన్ను టేబుల్ మీద పెట్టింది. విసిరికొట్టలేదు, మెత్తగా పెట్టింది. "ఇక చెప్పు."

ఆ అమ్మాయి ఫ్యాక్టరీ వాడ పిల్లే. తల్లి సీసాలు పెట్టెల్లో సర్దే పని చేసేది. ఆసుపత్రి కట్టేటప్పుడు "మా వాడ పిల్లలకి లోపల పని ఇవ్వకుండా గోడ లేపితే చూస్తాం" అని ఇటుకల లారీ ముందు అడ్డంగా కూర్చున్నది మైకక్క. అలా వచ్చిన ఉద్యోగం అది. పెద్దమ్మా, పిన్నీ అని పిలిచే నోటితోనే ఇప్పుడు నీళ్లు నములుతోంది.

"ఇందులో రెండు వెలుగులుంటాయి పిన్నీ. ఎర్రది దారి చూపడానికి. ఎక్కడ పెడుతున్నామో మాకు తెలియాలి కదా. మందు వెలుగు వేరే. అది కంటికి కనపడదు. ఆ రెండోది... కాలిపోయింది."

"ఎప్పుడు?"

"పెద్దమ్మకి మొదలెట్టకముందే."

కుర్చీలో మూలుగు ఆగిపోయింది. మైకక్క నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. దవడల మధ్య రబ్బరు ముక్కని తనే లాగింది. దాంతోపాటు తీగలాగా ఎర్రటి ఉమ్మి వచ్చింది. చిట్టి అలవాటుగా గుడ్డ అందించింది, ఆవిడ అలవాటుగా తుడుచుకుంది. తర్వాత సంచీలోంచి కరపత్రం తీసింది. సమ్మెనాటివి మిగిలిపోయినవి, ముందువైపు లావు అక్షరాలతో నినాదాలు, వెనకవైపు ఖాళీ. మాట పడిపోయినప్పటి నుంచి ఆ ఖాళీయే మైకక్క నోరు.

"ఎవరు చెప్పారు పెట్టమని?" అని రాసింది.

అమ్మాయి చదివింది, ఏడ్చింది. "పెద్ద డాక్టరుగారు. ఆపొద్దన్నారు. ఎర్రది వస్తోంది కదా, వాళ్లకేం తెలుస్తుంది, భయపడకుండా ఉంటారు అన్నారు. నేను అడిగాను పెద్దమ్మా, ఒట్టు. అడిగితే, నీకిక్కడ ఇష్టం లేకపోతే చెప్పు అన్నారు."

"నీ ఉద్యోగం నీకు ముద్దు," అంది చిట్టి. "మా నోళ్లు పుచ్చిపోతే పోనీ. అంతేనా?"

"రోజూ ఇంటికెళ్లి ఏడుస్తున్నాను పిన్నీ."

"ఏడువు. ఆ ఏడుపుకైనా పుండు మానుతుందేమో అడుగు మీ డాక్టర్ని."

పిలవకుండానే వచ్చాడాయన. గొడవ వినపడి ఉంటుంది. మనిషి చెడ్డవాడిలా ఉండడు, అదే వచ్చిన చిక్కు. మాట మెత్తన. నోట్లో వేలు పెడితే కొరకలేడనిపించే ముఖం. తలుపు మూసి, ముగ్గురినీ చూసి, టేబుల్ మీద వెలుగుతున్న ఎర్రచుక్కని చూసి, సంగతి పట్టేశాడు.

"కూర్చోండమ్మా. కంగారు పడకండి."

"కంగారు మాకెందుకండీ? దీపం వెలుగుతూనే ఉందిగా," అంది చిట్టి.

"చూడమ్మా, కొత్తది కావాలని పైవాళ్లని అడిగాను. మళ్లీ అడిగాను. రాలేదు. ఇది ఆపేశామనుకోండి, బయట ఉన్నవాళ్లు ఏమనుకుంటారు? బెదిరిపోయి రేడియేషన్ కూడా మానేసి వెళ్లిపోతారు. అది ఇంకా ప్రమాదం. ఈ పరిస్థితిలో ఆశ కూడా ఒక మందే."

"ఆశే మందైతే మీ మందుల గదికి తాళం ఎందుకు డాక్టరుగారూ? గోడ మీద ఆశ అని రాసిపెట్టండి. పుండు నోళ్లతో వచ్చి నాక్కుని పోతాం."

డాక్టరు ముఖం ఎర్రబడింది. చిట్టికి తన మాట తనకే కొత్తగా వినపడింది. పుట్టిన దగ్గర నుంచీ ఇంట్లో ఆమెకి పిల్లిగొంతు అని పేరు. అరవాల్సినవన్నీ అక్కే అరిచింది. చెల్లెలు పక్కన మంచినీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది. ఇవాళ అక్క కరపత్రాల మీద గీసుకుంటోంది, ఈ మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయో మరి.

"మొత్తం ఆసుపత్రికి ఇదొక్కటేనా మిషను?" అని అడిగింది.

డాక్టరు చేతి గడియారం సర్దుకున్నాడు. లైటమ్మాయి కళ్లు మాత్రం పైకప్పు వైపు లేచాయి. అంతే చాలు.

"పైన ఉందన్నమాట. ప్రత్యేక గదుల్లో. అక్కడిది వెలుగుతోందన్నమాట, కనపడని వెలుగుతో సహా."

"అది వాళ్ల కోసం కేటాయించింది. నా చేతిలో లేదు."

"నోట్లో పుండ్లు కూడా అంతస్తు చూసి పడతాయా?"

మైకక్క చెయ్యెత్తింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర గుంపుని ఆపడానికి ఎత్తే చెయ్యి అదే. చెల్లెలు ఆగింది, అలవాటు. మైకక్క రాయడం మొదలుపెట్టింది. రాసి డాక్టరుకి చూపించింది: "సోమవారం నేను మాట్లాడాలి."

అప్పుడు చూడాలి ఆ డాక్టరు ముఖం. ఇంతసేపూ గోడకి ఆనించి ఉన్న వీపు ముందుకు వంగింది. మైకక్క నోరు తెరిస్తే ఏమవుతుందో ఇటుకల లారీ నాటినుంచీ ఆయనకి తెలుసు. పుండైన నోటికి కూడా ఆయన భయపడ్డాడు. అందుకే చల్లగా దారి చూపించాడు.

"తెప్పిస్తాను," అన్నాడు గొంతు తగ్గించి. "పైనుంచి ఆ సెట్టు కిందికి తెప్పిస్తాను. మీ ఒక్కరికి. ఇవాళ, రేపు, రోజూ. మాట వచ్చేస్తుందని ప్రమాణం చెయ్యలేను. కానీ నొప్పి తగ్గుతుంది, పుండు త్వరగా మానుతుంది. సోమవారానికి నాలుగు మాటలు చెప్పగలరు. ఆ నాలుగు చాలు కదా మీకు?"

మైకక్క పెన్సిలు ఆగింది.

"ఒక్కటేనమ్మా. బయట కూర్చున్నవాళ్లకి తెలియకూడదు. తెలిసిందా, అందరూ ఎగబడతారు, పైవాళ్లు వచ్చి ఆ సెట్టు లాక్కుపోతారు, మీకూ ఉండదు. ఎవరికీ ఉండదు. ఆలోచించుకోండి."

తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఇదే. అరిచే గొంతు కావాలంటే నోరు మూసుకో అంటున్నాడు. అక్క ఇప్పుడు ఏం చేస్తుందో చిట్టికి ముందే తెలుసు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదేగా. ఆ కరపత్రం ఉండలా చుట్టి ఆయన ముఖాన కొడుతుంది. చిట్టి ఆ చప్పుడు కోసం చూసింది.

చప్పుడు రాలేదు.

మైకక్క కరపత్రం మడిచి సంచీలో పెట్టుకుంది. డాక్టరు వైపు చూసి తల ఊపింది. ఒక్కసారే.

"అక్కా?"

డాక్టరు లైటమ్మాయిని పైకి పంపాడు. తను కూడా వెనకే వెళ్లాడు, తాళం కోసమో, అక్కాచెల్లెళ్లని వదిలేసి పోదామనో.

"అక్కా, తల ఊపావా? నేను చూసింది నిజమేనా?"

మైకక్క గోడకేసి చూసింది.

"నన్ను చూడు. మా ఆయన్ని మేనేజరు పిలిచి, కొలిమి దగ్గర నుంచి తీసేసి స్టోర్సులో వేస్తా, నీ ఒక్కడికే, బయట చెప్పకు అన్నాడు. ఎంత సంబరపడుతూ ఇంటికొచ్చాడో గుర్తుందా? స్టోర్సులో ఫ్యాను కూడా ఉంటుందే అన్నాడు. నువ్వేమన్నావు? ఈ చేత్తోనే అన్నం పెడుతున్నాను నీకు. గరిటె అలాగే పట్టుకుని విన్నాను. ఒక్కడికి నీడ, అందరికీ ఎండా మరిదీ, అన్నావు. ఆ మాటకి ఆయన తల దించుకున్నాడు. పొద్దున్నే వెళ్లి వద్దని చెప్పి మళ్లీ కొలిమి దగ్గరే నిలబడ్డాడు. అక్కడే నిలబడి పోయాడు. స్టోర్సుకి ఏమీ కాలేదక్కా. స్టోర్సు గోడకి సున్నం కూడా రాలలేదు."

మైకక్క పెదవులు కదిలాయి. కదలగానే చీలాయి. సంచీలోంచి మళ్లీ కరపత్రం తీసింది, అక్షరాలు నిక్కచ్చిగానే పడ్డాయి.

"ఇది కూడా ఆయన కోసమే."

చిట్టి చదివింది. ఇంకోసారి చదివింది.

"నేను నోరు తెరవకపోతే వాడి చావు ప్రమాదం అవుతుంది. గోడ తనంతట తనే పడింది అవుతుంది. నీకు అది కావాలా?" అని ఇంకో కాగితం మీద రాసింది మైకక్క.

అది అబద్ధం కాదు. అబద్ధం అయితే ఎంత బాగుండేది, ఛీ కొట్టి పోవచ్చు. నిజమే చెబుతోంది అక్క, కానీ ఆ నిజం నోట్లో పెట్టుకుంటే చేదు. నిన్నటిదాకా కడుపులో ఒక్కటే మంట ఉండేది చిట్టికి: మొగుణ్ణి చంపినవాడు శిక్ష లేకుండా తిరుగుతున్నాడని. ఇప్పుడు రెండోది అంటుకుంది. నీడ వద్దనాల్సింది ఆయన ఒక్కడేనా? ఆ సూత్రం ఆయనతోనే బూడిదైపోయిందా?

తలుపు తెరుచుకుంది. లైటమ్మాయి తువ్వాలులో చుట్టిన పెట్టె పట్టుకుని వచ్చింది, దొంగసొత్తు తెచ్చినట్టు. వెనకే డాక్టరు. పెట్టె తెరిచి, కొత్త పెన్ను బిగించి, మిషను మీద ఏవో నొక్కి, అమ్మాయి టేబుల్ దగ్గరికి వచ్చింది. నల్లద్దాలు తీసుకుంది. తుడిచింది. పెట్టుకుంది.

డాక్టరు జేబులోంచి తనవీ తీసి పెట్టుకున్నాడు.

మైకక్క కూడా పెట్టుకుంది.

"పిన్నీ, ఇవి నీకు," అని ఇంకో జత అందించింది అమ్మాయి. "ఇక్కడ ఉండాలంటే పెట్టుకోవాలి. ఇప్పుడు... ఇప్పుడు నిజంగా పెట్టుకోవాలి."

చిట్టి ఆ అద్దాలు చేతిలోకి తీసుకుని, పక్కన పెట్టింది. అక్క రబ్బరు ముక్క తనే దవడల మధ్య పెట్టుకుని, వెనక్కి వాలి, పెద్దగా నోరు తెరిచింది. లోపల ఎక్కడా చర్మం రంగు లేదు. ఎరుపు, తెలుపు, మళ్లీ ఎరుపు. ఆ నోటినే చూసుకుని ఇన్నేళ్లు ధైర్యంగా బతికింది వాడంతా.

చిట్టి బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

హాల్లో బల్లల నిండా మనుషులు. ఇక్కడ మాటలు తక్కువ, ఉమ్మిగిన్నెలు ఎక్కువ. ఒకరి ఒళ్లో చల్లార్చిన పాలు, గొట్టంతో పీల్చడానికి. ఒకామె ఉప్పునీళ్లు పుక్కిలించి గిన్నెలో వదులుతోంది, దీపం పెట్టేముందు నోరు శుభ్రంగా ఉండాలని ఇక్కడివాళ్లు పెట్టుకున్న పట్టింపు. పెళ్లికి ముస్తాబవుతున్నట్టు ఎంత శ్రద్ధగా కడుగుతోందో.

"చెల్లెమ్మా. ఇటు."

హారన్ బావ. అందరికీ బావే, తను చెల్లెమ్మా అని పిలిచేవాళ్లకి కూడా. సిటీ బస్సు నడిపేవాడు. వచ్చిన కొత్తలో హాలంతా ఆయనే మోగేవాడు, అందుకే ఆ పేరు. "ఇన్నేళ్ల కాపరంలో నా నోరు మూయించగలిగిన మొగాణ్ణి ఇప్పుడు చూశానంటోంది మా ఆవిడ, రేడియేషన్‌కి దండేస్తుందట" అని నవ్వించేవాడు. ఇప్పుడు నోటికి అడ్డంగా తువ్వాలు. ఒక్కో మాటా తువ్వాలు వెనకనుంచి ముక్కలుముక్కలుగా వస్తోంది.

"మైకక్కకి... ఎలా ఉంది? దీపం... బాగా పడిందా?"

"పడుతోంది."

"ఆవిడ మాట్లాడాలి. మా డిపో వాళ్లం కూడా... వస్తాం సోమవారం." ఊపిరి తీసుకున్నాడు. "నాది ఆపేశారు, చెల్లెమ్మా."

"ఏది?"

"రేడియేషన్. పుండ్లు మరీ ఎక్కువున్నాయట. తగ్గాకే మళ్లీ అన్నారు." తువ్వాలు పైనుంచి కళ్లు నవ్వడానికి చూశాయి. "దిగుడులో... బ్రేకు మీంచి కాలు తీస్తే బండి ఆగుతుందా? లోపలిది ఊరుకుంటుందా మరి? అందుకే... లైటమ్మాయిని అడుగుదామని. రోజుకి రెండుసార్లు పెట్టమ్మా అని. పెడుతుందంటావా? నువ్వు ఒక మాట చెప్పు. మీ వాడ పిల్లే కదా."

చిట్టి ఆయన్ని చూసింది. రెండుసార్లు పెట్టమ్మా. చల్లారిన కొలిమి ముందు చేతులు చాపి ఇంకాస్త కాచుకుంటానంటున్నాడు. పుండు మానదు. మానలేదని రేడియేషన్ మొదలెట్టరు. మొదలెట్టలేదని లోపలి రోగం నెమ్మదిగా తింటుంది. చివరికి ఎవరూ చంపినట్టు ఉండదు. గోడ తనంతట తనే పడినట్టు.

మేనేజరు మాట విన్నవాళ్లలో బతికున్నది అక్క ఒక్కతే. ఇప్పుడు డాక్టరు మాట విన్నది ఎవరు? లైటమ్మాయి నోరు విప్పదు. అక్క విప్పనని తల ఊపింది. ఇక మిగిలింది పిల్లిగొంతు.

చెబితే అక్క నోటికి ఆ వెలుగు ఆగిపోతుంది. సోమవారం మేనేజరు నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. తన మొగుడి చావు ఒక ప్రమాదంగా మిగిలిపోతుంది, ఎప్పటికీ. చెప్పకపోతే?

హారన్ బావ గిన్నె తీసుకుని లేచాడు. తన వంతు రాకముందే ఉప్పునీళ్లు పుక్కిలించుకోవడానికి.

"కూర్చో బావా," అంది చిట్టి. "కడుక్కోకు."

"ఏం?"

"కడుక్కోవడం దండగ." గిన్నె ఆయన చేతిలోంచి తీసుకుంది. "ఆ దీపం ఉత్తది."

హాల్లో ఇంకెవరికీ వినపడలేదు. వినపడే గొంతైతే కదా. బల్లమీద ఎవరో దగ్గారు. పాలగ్లాసు ఆమె గొట్టం సర్దుకుంది. చిట్టి అక్క ఎలా నిలబడేదో గుర్తు తెచ్చుకుంది. కాళ్లు ఎడంగా, గడ్డం పైకి, ఊపిరి కడుపులోంచి. అలా నిలబడి, హాలు మధ్యలో, జన్మలో మొదటిసారి అరిచింది.

"ఆ దీపం ఉత్తదండీ! ఎర్రది మందు కాదు! మందు వెలుగు ఎప్పుడో కాలిపోయింది. తెలిసి కూడా మీ నోట్లో పెడుతున్నారు. పనిచేసేది పైన..."

మాట అక్కడే తెగింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నోరు మూసేసింది.

గట్టి చెయ్యి. ఏళ్లపాటు వేడిసీసాలు పట్టి బండబారిన అరచెయ్యి. చిట్టికి తిరిగి చూడాల్సిన పని లేదు. ఈ చెయ్యి పట్టుకునే నడక నేర్చుకుంది. ఈ చెయ్యి గాలిలోకి లేస్తే వెయ్యి గొంతులు లేచేవి. మైకక్క కళ్లకి ఇంకా నల్లద్దాలున్నాయి. గడ్డం మీద రబ్బరు ముక్క తడి. గుమ్మంలో డాక్టరు, ఆయన వెనక వెలుగుతున్న పెన్ను పట్టుకుని లైటమ్మాయి. మైకక్క హాలు వైపు చూసి తల అడ్డంగా ఊపింది: ఏమీ లేదు, పిల్లకి మతి చెడింది, ఎవరి పని వాళ్లు చూసుకోండి. ఆ తల ఊపుకి సగంమంది నమ్మేశారు కూడా. మైకక్క చెబితే నమ్మకపోవడం వాడలో ఎవరికీ అలవాటు లేదు.

హారన్ బావ ఒక్కడే కూర్చోలేదు. ఆ నల్లద్దాలని చూశాడు. గుమ్మంలో అమ్మాయి కళ్లకున్న అద్దాలని చూశాడు. ఇన్నాళ్లూ తన నోట్లోకి వంగినప్పుడు ఆ కళ్లు ఎలా ఉండేవో తలుచుకున్నాడేమో, నోటి మీద తువ్వాలు మెల్లగా కిందికి లాగాడు. పెదవుల పగుళ్లు విచ్చుకుని నెత్తురు గడ్డం మీదికి దిగుతుంటే, తుడుచుకోలేదు.

"చెయ్యి తియ్యి, మైకక్కా," అన్నాడు. "చెల్లెమ్మని చెప్పనీ."

చిట్టి నోటి మీద ఆ చెయ్యి పట్టు కాస్త సడలింది. తియ్యలేదు.